మల్లీన్ మొదటి ఏడాది పూయదు, ముందు నీళ్లు తగ్గించండి

సందేహం: పెరట్లో మల్లీన్ అనే పూల మొక్క గింజలు చల్లి ఎనిమిది నెలలైంది. మూరెడు ఆకులు తెల్లటి నూగుతో నేల మీద పరుచుకుని బాగానే పెరిగాయి కానీ ఒక్క పువ్వూ రాలేదు. పూత కోసం రెండుసార్లు పశువుల ఎరువు వేశాను, రోజూ నీళ్లు పోస్తున్నాను. ఇప్పుడు కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి కుళ్లుతున్నాయి. చోటు మారిస్తే పూస్తుందా? రెండోసారి మడి తయారుచేసి వేసిన గింజలు అసలు మొలవనే లేదు, ఎందుకని?

సలహా: పూత గురించి టెన్షన్ పడకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది వెర్బాస్కం థాప్సస్ (శాస్త్రీయ నామం) అనే మల్లీన్ రకం, రెండేళ్లు బతికే మొక్క. మొదటి ఏడాది ఆకుల గుబురు కట్టి, తల్లివేరులో ఆహారం దాచుకుంటుంది, అంతే. చలికాలం గడిచాక రెండో ఏడాది మొవ్వులోంచి కంకి లేచి ఆరడుగుల దాకా పెరుగుతుంది. పసుపు పూలు కంకి మీద అక్కడక్కడా విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూటే, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. గింజ కట్టాక మొక్క చనిపోతుంది. గుబురు మరీ చిన్నగా ఉంటే రెండో ఏడాది కూడా పూయకుండా మూడో ఏటికి పోవచ్చు. మీ మొక్కల వయసుకు పూత లేకపోవడం సహజమే.

కుళ్లు సంగతి మాత్రం వెంటనే చూడాలి. నేల మీద ఆనుకున్న ముదురు ఆకులు ఎండి గోధుమ రంగుకు తిరిగి కాగితంలా పెళుసుగా ఉంటే అది మామూలే, తీసేస్తే సరిపోతుంది. ముట్టుకుంటే మెత్తగా జారుతూ వాసన వస్తే అది నీరు ఎక్కువై వచ్చిన కుళ్లు. మొదలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఊగితే వేరు పోయినట్టే, ఆ మొక్కను పీకేయండి. గట్టిగా ఉండి, మధ్యలో మొవ్వు తెల్లటి నూగుతో బిగువుగా కనిపిస్తే బతుకుతుంది. కుళ్లిన ఆకులు కోసేసి, మొదలు చుట్టూ ఉన్న ఎరువును పక్కకు లాగి, పైమట్టి రెండు మూడు అంగుళాల లోతు వరకు ఆరనివ్వండి.

ఇది రాళ్ల నేలల్లో, దారుల పక్కన, ఎవరూ పట్టించుకోని బీడులో పెరిగే జాతి. బలమైన ఎరువు దీనికి అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే మొక్క మెతకబడుతుంది, తర్వాత కంకి గాలికి ఒరిగిపోతుంది. వేరు దిగిన మొక్కకు వాన లేని రోజుల్లో అప్పుడప్పుడు నీరు పెడితే చాలు, అదీ మొదట్లోనే. ఆకుల మీద చల్లితే నూగులో నీరు నిలిచిపోతుంది. మందుల పిచికారీ కూడా ఆ నూగు మీద సరిగ్గా అంటుకోదు, కాబట్టి గొంగళిపురుగులు కనబడితే చేత్తో ఏరేయడమే మేలు.

చోటు మార్చే ఆలోచన మానుకోండి. తల్లివేరు లోతుకు దిగిపోయింది, తవ్వితే తెగుతుంది. మార్చాలంటే నాలుగైదు ఆకుల నారు దశలోనే మార్చాలి.

రెండోసారి వేసిన గింజల మీద మీరు మట్టి కప్పి ఉంటారని, అందుకే మొలవలేదని నా అనుమానం. ఈ గింజ ఇసుక రేణువంత ఉంటుంది, మొలవడానికి దానికి వెలుతురు కావాలి. మడిని చదును చేసి, గింజను పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి వదిలేయండి. సన్నగా నీళ్లు చిలకరిస్తూ మొలిచేదాకా పైతడి ఆరకుండా చూడండి. మొలిచాక మొక్కకూ మొక్కకూ రెండడుగుల ఎడం ఉంచండి. రోజంతా ఎండ పడే, నీరు నిలవని చోటే ఎంచుకోండి.

ఆకులను మందుగా వాడేవారు ఉన్నారు కాబట్టి ఒక మాట. ఆ నూగు గొంతులో, చర్మం మీద దురద పుట్టిస్తుంది. ఆకు పని చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. గింజలు తినకూడదు, వాటిలోని సాపోనిన్లు అనే రసాయనాలు చేపలకు విషం. చేపల తొట్టి పక్కన ఈ మొక్క వద్దు. పూత రాకముందు ఫాక్స్‌గ్లోవ్ గుబురు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. అది గుండెను దెబ్బతీసే విషం. పువ్వు చూసి నిర్ధారించుకునేదాకా ఒక్క ఆకు కూడా నోట్లో పెట్టకండి.

పూత వచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు, అవి మట్టిలో దశాబ్దాలు నిద్రపోతాయి. అమెరికాలోని మిషిగన్‌లో 1879లో విలియం జేమ్స్ బీల్ అనే శాస్త్రవేత్త రకరకాల గింజలను సీసాల్లో పాతిపెట్టారు. 2021లో తవ్వి తీసిన సీసాలో మొలిచినవి ఈ వెర్బాస్కం ప్రజాతి గింజలే. అందుకే విత్తనానికి ఒక్క కంకి ఉంచుకుని, మిగతావాటిని పూత అయిపోతుండగా, అడుగు కాయలు ఇంకా ఆకుపచ్చగా ఉన్నప్పుడే కోసేయండి. ఉంచిన కంకికి కాయలు ముదరగానే పలుచని గుడ్డ సంచి తొడిగి కట్టండి. కోసిన కంకులను కంపోస్టు గుంతలో వేయకండి. అక్కడ బతికిన గింజ ఎరువుతో పాటు తోటంతా పాకుతుంది.