బాక్సులు మోయడానికేనా చదివించింది?

ప్రశ్న: మాది పరకాల. 20 ఏళ్లుగా మైక్ సెట్, లైటింగ్ షాపు నడుపుతున్నాను. మా బాబు వరంగల్‌లో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. కాలేజీ ఫెస్ట్‌కు వచ్చిన ఒక హైదరాబాద్ రాక్ బ్యాండ్‌తో పరిచయమై, మాకు చెప్పకుండా వాళ్ల వెంట బెంగళూరు, పుణె వెళ్లి సౌండ్ పని చేసి వచ్చాడు. ఇంటర్నల్స్ పోయాయి. ఇప్పుడు చదువు మానేసి బ్యాండ్ల టూర్లకే పోతానంటున్నాడు. కూలి పని చేయడానికేనా నిన్ను చదివించింది అని తిట్టాను, నెల రోజులుగా మాటల్లేవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమా, ఇదా, రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు:

అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరి పిల్లోడు క్రికెట్ అంటాడు, ఒకరి పిల్లోడు సినిమా అంటాడు, కింద ఉండే భయం మాత్రం ఒక్కటే, చేయి దాటిపోతున్నాడని. మీ ప్రశ్నలో ఇంకో సంగతి కూడా ఉంది. బాక్సులు మోసింది మీరు. పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు, బతుకమ్మ ఆటలకు అర్ధరాత్రి దాకా జనరేటర్ పక్కన నిలబడింది మీరు. వాడికి ఆ బతుకు వద్దనుకుని ఫీజులు కట్టారు, వాడేమో తిరిగి తిరిగి ఆ బాక్సుల దగ్గరికే వచ్చాడు. మీ కోపం బ్యాండ్ మీద కాదని నాకనిపిస్తోంది.

ముందు ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను, మీ బాబుకు కూడా ఇది చదివి వినిపించండి. మన దేశంలో చాలా బ్యాండ్లు సొంత బాక్సులు, లైట్లు లారీలో వేసుకుని తిరగవు. గిటార్లు, వాటి శబ్దం మార్చే పెడల్స్ పట్టుకుని, ఒక సౌండ్ ఇంజనీర్‌నీ మహా అయితే ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని వస్తాయి, మిగతా సామానంతా షో జరిగే ఊళ్లోనే అద్దెకు తీసుకుంటారు. అంటే ప్రతి ఊళ్లో కొత్త మిక్సర్, కొత్త మనుషులు, ఎట్లా ఉంటుందో తెలియని కరెంటు. రాత్రి ఏడున్నరకు షో అంటే పొద్దున్నే గ్రౌండ్‌లో ఉండాలి. ట్రస్‌కు, అంటే స్టేజీ పైన ఉండే లోహపు చట్రానికి, లైట్లు కట్టి పైకి లేపాలి, బాక్సులు వేలాడదీయాలి, స్టేజీ మీద ప్రతి మైకూ ప్రతి కేబులూ ఒక్కొక్కటిగా చూసుకోవాలి, మధ్యాహ్నం బ్యాండ్ వచ్చాక సౌండ్ చెక్. షో గంటన్నరలో అయిపోతుంది, జనం వెళ్లిపోతారు, అప్పుడు ఇదంతా విప్పి కేసుల్లో పెట్టి లారీ ఎక్కించే పని మొదలవుతుంది. హోటల్‌కు చేరేసరికి రెండో మూడో అవుతుంది, ఐదింటికి ఇంకో ఊరికి ఫ్లైటో రైలో ఉంటుంది. గిటార్ తీగ తెగితే పాట ఆగకుండా, స్టేజీ మీద చీకట్లోనే శ్రుతి చేసిన ఇంకో గిటార్ అందించే మనిషి ఉంటాడు. వాడు బాగా చేశాడంటే, అక్కడ అట్లాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ తెలియలేదని అర్థం. పేరు కోసం పోయేవాళ్లకు ఇది కుదరదు.

పెద్ద బ్యాండ్లు ఈ పనిని ఎంత గట్టిగా తీసుకుంటాయో ఒక్క ఉదాహరణ చెప్తాను. షో పెట్టే నిర్వాహకులకు బ్యాండ్ ముందుగానే రైడర్ అని ఒక పత్రం పంపుతుంది, ఎన్ని ఆంపియర్ల కరెంటు కావాలి, స్టేజీ ఎంత బరువు ఆపాలి, అన్నీ అందులోనే రాసి ఉంటాయి. అమెరికాలో వాన్ హేలెన్ అనే బ్యాండ్ 1982 టూర్ రైడర్‌లో ఎంఅండ్‌ఎంస్ చాక్లెట్ గోళీలు పెట్టాలని, వాటిలో గోధుమరంగువి ఒక్కటి కూడా ఉండకూడదని రాసింది. అందరూ పొగరనుకున్నారు. గోధుమరంగు గోళీ కనిపించిందంటే రైడర్ ఎవరూ పూర్తిగా చదవలేదన్నమాట, అప్పుడు వైరింగ్ నుంచి స్టేజీ దాకా అన్నీ మళ్లీ చూసుకోవాలన్నమాట. మనుషుల తలల మీద టన్నుల బరువు వేలాడుతున్నప్పుడు ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

దీన్ని కూలి పని అన్నారే మీరు, ఆ మాట నాకు నచ్చలేదు అన్నా. ఎర్తింగ్ సరిగా లేకపోతే బాక్సుల్లోంచి వచ్చే గుయ్ చప్పుడు మీరు నిద్రలో కూడా పట్టేస్తారు, అది కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టే వస్తుందని వాడు క్లాసులో చదువుకుంటాడు. జాతరలో దూరం దూరంగా హారన్లు కడితే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది కదా, శబ్దం 34 మీటర్లు పోవడానికి సెకనులో పదో వంతు పడుతుంది, అందుకే పెద్ద షోల్లో వెనక పెట్టిన బాక్సుల్లోంచి శబ్దం ఆ లెక్క ప్రకారం కాస్త ఆలస్యంగా వచ్చేటట్టు పెడతారు, ముందు బాక్సుల శబ్దంతో కలిసి వినిపించడానికి. అది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, మీ బాబుకు ఉన్న సబ్జెక్టే. మీ షాపు, వాడి డిగ్రీ రెండూ కలిసే చోటు ఇది. మీరు వాడి ముందు కించపరిచింది మీ 20 ఏళ్ల పనినే. తండ్రే తన పనిని తక్కువ చేసి మాట్లాడితే పిల్లోడు ఎవరి మాట వింటాడు?

ఇప్పుడు మీ బాబుకు. చదువు మానేస్తాననడం తప్పు, ఇంట్లో చెప్పకుండా పోవడం ఇంకా తప్పు. టూర్ మనుషులకు కావాల్సిన మొదటి గుణం చెప్పిన టైమ్‌కు చెప్పిన చోట ఉండడం, నువ్వు ఇంటర్నల్స్‌కే లేవు. బయట జరిగే షోలు ఎక్కువగా అక్టోబర్ నుంచి మార్చి దాకానే, వానాకాలం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. షోకు ఇంత అని ఇస్తారు, అదీ రెండు మూడు నెలల తర్వాత, పదిసార్లు ఫోన్ చేస్తే. పీఎఫ్ లేదు, జ్వరం వచ్చిన రోజు పైసలు లేవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే అందరికంటే ముందు ఆగింది షోలే, చాలా ఆలస్యంగా మొదలైందీ అవే. లైటింగ్ పని చేసే ఒక కరీంనగర్ అబ్బాయి అప్పుడు సామాను అమ్ముకుని ఇంటికి వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చాడు, ఆ ముఖం నేను మర్చిపోలేదు. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్‌లాగా దశాబ్దాలు నిలబడే బ్యాండ్లు కొన్నే, మిగతావి విడిపోతాయి. అందుకే ఒక్క బ్యాండ్‌ను నమ్ముకుని బతకొద్దు, అన్ని బ్యాండ్లకూ సామాను ఇచ్చే అద్దె కంపెనీలో పని నేర్చుకుంటే ఎవరి షో అయినా నీకు పని ఉంటుంది.

ఇంకో మాట. వాడు ఈపాటికి ఏదో ఒక 'మూడు నెలల్లో లైవ్ సౌండ్ ఇంజనీర్' కోర్సు గురించి అడిగే ఉంటాడు. లక్షల్లో ఫీజు, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు పాఠాలు, చివర ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ చూసి పని ఇచ్చిన షో మేనేజర్ నాకైతే ఇప్పటిదాకా కనిపించలేదు. మంచి సంస్థలు లేవని కాదు, పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకు గొప్ప పేరుంది, కానీ అది సినిమా సౌండ్, వానలో తడిసిన గ్రౌండ్‌లో కేబుల్ ఎక్కడ పోయిందో వెతకడం వేరే విద్య. ఏ కోర్సులోనైనా చేరేముందు ఒక్కటే అడగండి, మా పిల్లోడిని ఎన్ని షోలకు తీసుకెళ్తారు అని. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

పోల్చమన్నారు కదా. జీతం, ఇల్లు, నిద్ర చూస్తే సాఫ్ట్‌వేరే మేలు, దాంట్లో దాపరికం ఏముంది. కానీ ఇష్టం లేకుండా అందులో కూర్చుని రెండేళ్లకే వదిలేసి వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను, కాబట్టి ఈ పోలికతో మీకు పెద్దగా ఒరిగేది లేదు. మీరు భయపడుతున్నంత చీకటి మాత్రం లేదు. టూర్లు తిరిగి నడుము పట్టేసిన వాళ్లు కూడా రోడ్డున పడరు, హోటళ్లు, కన్వెన్షన్ హాళ్లు, ఆడిటోరియాలు అన్నింటికీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. హన్మకొండలో 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రంలో కూడా ఎవరో ఒకరు సౌండ్ చూసుకోవాల్సిందే కదా.

డిగ్రీ పూర్తి చేయాలి, బ్యాక్‌లాగ్స్ లేకుండా. ఇది బేరమాడే విషయం కాదు. బదులుగా సెలవుల్లో మీకు చెప్పి ఒక అద్దె కంపెనీలో పనికి పోనివ్వండి, మధ్యలో వద్దని ఫోన్లు చేయకండి. ఒక సీజన్ లోడింగ్, అన్‌లోడింగ్ చేశాక కూడా ఇదే కావాలంటే అప్పుడు మళ్లీ రాయండి. వచ్చే పండక్కి మన షాపు మిక్సర్ దగ్గర నువ్వే నిలబడు అని వాడికి మీరే చెప్పండి, మాటలు అక్కడ మొదలవుతాయి.

ఇయర్ ప్లగ్స్ లేకుండా మాత్రం ఒక్క షోకూ పంపొద్దు. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించే చెవి, 100 డెసిబెల్స్‌ను రోజుకు పావుగంటకు మించి భరించలేదు, రాక్ షో స్టేజీ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. వీలు చూసుకుని వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్లి వాడికి వినికిడి పరీక్ష చేయించండి. మీరూ చేయించుకోండి అన్నా, 20 ఏళ్లు ఆ బాక్సుల పక్కన నిలబడింది మీరే.