వైన్ మొరాయిస్తే సుడో మందు కాదు

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటర్. విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోవడంతో కంప్యూటర్‌లో లినక్స్ వేయించి, పాత పేజీ లేఅవుట్ ప్రోగ్రామును, తెలుగు కీబోర్డు ప్రోగ్రామును వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా నడుపుతున్నాను. లినక్స్ కొత్త వెర్షన్‌కు మారాక లేఅవుట్ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ‘వైన్32’ లేదని ఒక వరుస కనిపిస్తోంది. తెలిసినవారి సలహాతో సుడో (అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిపే ఆదేశం) పెట్టి నడిపితే ‘ఈ ఫోల్డర్ మీది కాదు’ అని వచ్చింది. ఆ ఫోల్డర్‌ను రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పేరుకు మార్చేయమంటున్నారు. మార్చవచ్చా?

జవాబు: మార్చకండి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినప్పటి నుంచి ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి, వాటిలో చాలావాటిలో ఈ సుడో సలహా కనిపిస్తూనే ఉంది. మీరు చూసిన ఆ సందేశం లోపం వల్ల వచ్చింది కాదు, కావాలని పెట్టిన రక్షణ. వైన్ తన ఫైళ్లను దాచుకునే ప్రిఫిక్స్ ఫోల్డర్ ఎవరి పేరున ఉందో, నడుపుతున్నది ఎవరో ముందుగా సరిచూసుకుని, ఇద్దరూ ఒకరు కాకపోతే ఆగిపోతుంది. ఆ కాపలాను తప్పించడానికి యాజమాన్యాన్నే మార్చమనడం బాధ్యత లేని సలహా. ఇప్పటికే మార్చి ఉంటే, యజమానిని మార్చే చౌన్ (chown) ఆదేశంతో ఫోల్డర్ మొత్తాన్ని తిరిగి మీ యూజర్ పేరుకు తెచ్చుకోండి.

అసలు కారణం మీరే రాసిన ‘వైన్32’ వరుసలో ఉంది. మీ ప్రోగ్రామ్ 32 బిట్‌ది. వెర్షన్ మారినప్పుడు 32 బిట్ ప్యాకేజీలు తొలగిపోయాయి. ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్‌ను మళ్లీ చేర్చి, వైన్32 ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు అక్కడితో సమస్య తీరుతుంది. టెర్మినల్‌లో పేజీలకొద్దీ వచ్చే ‘ఫిక్స్‌మీ’ వరుసలను చూసి కంగారు పడనవసరం లేదు, లోపాలను తెలిపే ‘ఎర్’ (err) అని మొదలయ్యే వాటినే చదవండి. కీబోర్డు ప్రోగ్రామును కూడా అదే ప్రిఫిక్స్‌లో నడపాలి. వేరే ప్రిఫిక్స్‌లో ఉంటే మీరు నొక్కే కీలు దానికి అందవు, లినక్స్ సొంత ప్రోగ్రాముల్లో అది ఎలాగూ పనిచేయదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే విషయం. లినక్స్‌కు మారాం కాబట్టి విండోస్ వైరస్‌ల బెడద వదిలిందన్న నమ్మకంతో, ఎక్కడెక్కడి నుంచో దించుకున్న క్రాక్ (లైసెన్సు తాళం తొలగించిన) సెటప్‌లను చాలామంది వైన్‌లో నిర్భయంగా నడుపుతున్నారు. 1993లో మొదలైన వైన్ విండోస్ ప్రోగ్రామ్ అడిగే పనులను లినక్స్‌కు అర్థమయ్యే పనులుగా మార్చి అందిస్తుందే తప్ప, ఆ ప్రోగ్రామును ఒక గదిలో పెట్టి తాళం వేయదు. మీరు తెరవగలిగిన ప్రతి ఫైలునూ అది తెరవగలదు, చెరపగలదు. వైన్‌లోని జెడ్ డ్రైవ్‌ను తెరిచి చూడండి: మీ లినక్స్ ఫైల్ సిస్టమ్ మొత్తం, కస్టమర్ల పెళ్లి పత్రికలు, ఆధార్ స్కాన్లు, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌తో సహా అందులో కనిపిస్తాయి. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వైన్‌లో కూడా నడిచి ఫైళ్లను బందీ చేయగలదని అప్పట్లోనే ప్రయోగం చేసి చూపించారు. మీ పేరు మీద నడిచినప్పుడే ఇంత నష్టం జరగగలిగితే, సుడోతో నడిపినప్పుడు యంత్రమంతటినీ దాని చేతికిచ్చినట్టే.

అందుకని డీటీపీ పనికి లినక్స్‌లో విడిగా ఒక యూజర్‌ను సృష్టించి, వైన్‌ను ఆ ఖాతాలోనే వాడండి. మీ సొంత హోమ్ ఫోల్డర్‌ను ఆ ఖాతా చదవలేకుండా అనుమతులు సరిచేయండి. వైన్ సెట్టింగుల కిటికీ అయిన వైన్‌సీఎఫ్‌జీలో (winecfg) డ్రైవ్‌ల జాబితా నుంచి జెడ్‌ను తీసేసి, డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లకు ఉన్న లింకులను తెంచండి. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపదు, ఎందుకంటే హానికరమైన ప్రోగ్రామ్ డ్రైవ్ అక్షరం లేకుండానే నేరుగా లినక్స్‌ను అడగగలదు. అసలైన అడ్డుగోడ విడి యూజరే. వైన్ వెర్షన్ మారే ప్రతిసారీ ముందుగా ప్రిఫిక్స్ ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టుకోండి. కొత్త వైన్ దాన్ని సవరించాక, పాత వైన్‌తో మళ్లీ సరిగా నడుస్తుందన్న హామీ లేదు.

క్రాక్‌ల వైపు జనాన్ని నెడుతున్న తయారీదారుల తీరు గురించీ చెప్పాలి. డబ్బు చెల్లించి కొన్న ప్రోగ్రామును యూఎస్‌బీ డాంగిల్‌కు (లైసెన్సు తాళంలా పనిచేసే చిన్న పరికరానికి) కట్టేసి, ఆ డాంగిల్‌కు విండోస్ డ్రైవర్ తప్ప మరేదీ ఇవ్వకపోవడం కొనుగోలుదారుకు చేసే అన్యాయం. అలాంటి డ్రైవర్లను వైన్ సాధారణంగా నడపలేదు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఏళ్ల తరబడి కూర్చిన పేజీలు ఆ ప్రోగ్రాములోనే చిక్కుకుని ఉన్నప్పుడు, చిన్న సెంటర్ నడిపేవారికి మరో దారి ఉండదు. మీ ప్రోగ్రామ్‌కు కూడా డాంగిల్ ఉంటే వైన్‌తో కుస్తీ పట్టకండి. లైసెన్సు ఉన్న పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటి దానిలో) వేసుకుని, డాంగిల్‌ను దానికే కేటాయించి, ఆ మెషీన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకుండా, పూర్తయిన పీడీఎఫ్‌లను మాత్రం ఒక షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చుకోండి.