వెడ్జ్‌వుడ్ అసలు కనిపెట్టిందేమిటి?

ప్రశ్న: జోసయ్య వెడ్జ్‌వుడ్ ఇంగ్లండులో పింగాణీ మొదలుపెట్టాడంటారు, నిజమేనా? నీలం మీద తెల్లబొమ్మల పాత్రలు ఎలా చేసేవాడు?

పింగాణీ ఆయనది కాదు. లండన్‌లోని చెల్సీ, బో కార్ఖానాలు 1740ల్లోనే ఆ పని మొదలుపెట్టాయి. స్టాఫర్డ్‌షైర్‌లోని బర్స్‌లెమ్‌లో 1730లో పుట్టిన ఈ కుమ్మరి ఇంటి బిడ్డ ముందు చేతబట్టింది మీగడరంగు పాత్రలు. తెల్ల బంకమట్టిలో కాల్చి నూరిన చెకుముకిరాయి కలిపి, పైన సీసపు గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేస్తారు. చల్లారేటప్పుడు పాత్ర కన్నా గ్లేజు ఎక్కువ ముడుచుకుంటే నెర్రెలు పడతాయి, తక్కువ ముడుచుకుంటే పెచ్చులూడతాయి. అంతకుముందే ఉన్న సరుకిది. దాన్ని ఏ కాల్పుకైనా ఒకేలా వచ్చేట్టు కుదిర్చాడు. రాణి షార్లెట్ కొన్నాక దాన్ని 'క్వీన్స్ వేర్' అని అమ్ముకున్నాడు. వ్యాపారం కూడా బాగా తెలిసినవాడు మరి.

మీరడిగిన నీలం పాత్రలు జాస్పర్. వేల ప్రయోగాల తర్వాత 1770ల మధ్యలో కుదిరింది. మిశ్రమంలో సగానికి పైగా బేరియం సల్ఫేట్, మిగతాది మట్టి, చెకుముకిరాయి. డెర్బీషైర్ గనుల్లో దొరికే ఆ బరువురాయిని ముద్దలో వాడాలని తోచడమే అసలు విశేషం. నీలం కోబాల్ట్‌ది. బొమ్మల్ని వేరే అచ్చుల్లో ఒత్తి, తడిచేసి, కాల్చకముందే అంటిస్తారు. పాత్రలో తడి, బొమ్మలో తడి ఒక్కలా లేకపోతే అంచులు లేస్తాయి. ముద్దంతా రంగుదైతే నీలం తెల్లబొమ్మలోకి పాకే ప్రమాదముంది. అందుకే తెల్లముద్దకే పైన పలచగా రంగు పూసే పద్ధతీ వచ్చింది, ఖరీదైన కోబాల్ట్ కూడా మిగిలింది. పోర్ట్‌లాండ్ కలశం అనే పురాతన రోమన్ గాజు కలశానికి జాస్పర్‌లో నకలు తీస్తే మొదటి ప్రతుల్లో పగుళ్లు, పొక్కులు వచ్చాయి. సరిగ్గా కుదరడానికి నాలుగేళ్లు పట్టింది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్దది ఆయన 1782లో చూపించిన పైరోమీటర్, అంటే బట్టీ వేడి కొలిచే సాధనం. బ్రిటన్ శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ మరుసటేడు ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. బట్టీలో పాత్రలతోపాటు చిన్న మట్టి బిళ్లలు పెడతారు. తీసి చల్లార్చి, ఒక చివర అర అంగుళం, రెండో చివర 0.3 అంగుళాలుండే ఇత్తడి గాడిలో జరుపుతారు. ఎంత లోపలికి జారితే అంత వేడి. గాడి పొడవు 24 అంగుళాలు, గీతలు 240.

ఆ గీతల లెక్కను ఫారన్‌హీట్‌లోకి మార్చడంలోనే దారుణంగా తప్పాడు: పోత ఇనుము కరిగే వేడి 17,977 డిగ్రీలన్నాడు. నిజానికది 2,200 దగ్గర. మట్టి ముడుచుకోవడం వేడితో సమానంగా సాగదు, ఎంతసేపు కాలిందన్నదీ లెక్కలోకొస్తుంది. పైగా కొత్త మట్టి తెచ్చి బిళ్లలు చేస్తే పాతవాటితో అంకె కలవదు. అయినా బట్టీ దగ్గర ఆ ఫారన్‌హీట్ అంకెలతో పనేముంది? పోయినసారి 80వ గీత దగ్గర సరుకు బాగా వస్తే, ఈసారీ అదే మట్టి బిళ్ల 80కి చేరేదాకా కాలిస్తే చాలు.