న్యూయార్క్‌లో మ్యారేజ్ లైసెన్స్ తీసుకుంటే పెళ్లి అయిపోయినట్టేనా?

కాదు, న్యూయార్క్ సిటీ క్లర్క్ ఆఫీసు ఇచ్చే మ్యారేజ్ లైసెన్స్ పెళ్లి చేసుకోవడానికి అనుమతి మాత్రమే. ఇద్దరికీ పెళ్లాడే అర్హత ఉందని, అంటే వయసు సరిపోయిందని, ఇంతకుముందు పెళ్లైతే అది రద్దయిందని ముందే తేల్చుకోవడానికి ఇది పెట్టారు. ఫీజు 35 డాలర్లు. చేతికొచ్చాక సాధారణంగా 24 గంటలు ఆగాలి, 60 రోజుల్లోపు పెళ్లి జరగాలి. పెళ్లి చేయించినవారు, సాక్షి సంతకాలు పెట్టిన ఆ లైసెన్స్ కాగితం ఆఫీసుకు తిరిగి చేరాకే మ్యారేజ్ సర్టిఫికెట్ వస్తుంది. వీసా పనులకు అడిగేది ఆ సర్టిఫికెట్‌నే.

ఉదాహరణకు, శుక్రవారం ఉదయం 11కు లైసెన్స్ తీసుకుంటే శనివారం తెల్లవారుజామున ముహూర్తం కుదరదు. న్యూయార్క్‌లోనే ఉన్న ఫ్లషింగ్ గణేశుడి గుడిలో పెళ్లికి ఈ లైసెన్స్ చెల్లుతుంది. నది దాటి న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో చేసుకుంటే చెల్లదు, రాష్ట్రం మారింది కదా. శుభలేఖలు వేయించే ముందే ఇది చూసుకోవాలి.

న్యూయార్క్‌లో ఉండేవాళ్లకే లైసెన్స్ ఇస్తారని చాలామంది అనుకుంటారు. అదేం లేదు, ఎక్కడివాళ్లయినా తీసుకోవచ్చు, పౌరసత్వం కూడా అక్కర్లేదు.