ఆవిరి రేడియేటర్ ఢాం ఢాం అంటే పేలుతుందా?

ప్రశ్న: మేం శ్రీకాకుళంలో ఉంటాం. మా అబ్బాయి న్యూయార్క్‌లో పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగాడు. గదిలో హీటర్ రాత్రంతా ఢాం ఢాం అని మోగుతోందట. పేలుతుందా?

జవాబు: ఆ చప్పుడు పేలుడుకు సూచన కాదండీ, టెన్షన్ పడకండి. అది ఆవిరితో వేడెక్కే ఇనుప రేడియేటర్. కింద బాయిలర్‌లో పుట్టిన ఆవిరి పైకొచ్చి, గదికి వేడినిచ్చి నీరవుతుంది. చాలా పాత ఇళ్ళలో ఆవిరి వచ్చేదీ, నీరు తిరిగి పోయేదీ ఒకే గొట్టం. ఆ నీరు ఎక్కడైనా నిలిచిపోతే, వేగంగా వచ్చే ఆవిరి దాన్ని ఎత్తి మలుపుల దగ్గర గొట్టానికేసి కొడుతుంది. మన మేడ మీద ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు ఆపగానే పైపు ధన్‌మంటుంది కదా, దాదాపు అదే కథ.

ముందు రేడియేటర్‌కు గొట్టం కలిసేచోట ఉండే వాల్వు చూడమనండి. ఒకే గొట్టం ఉన్నచోట దాన్ని పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. వేడి తగ్గిద్దామని సగం తిప్పితే నీరు లోపలే చిక్కుకుంటుంది. చాలామంది చేసేది ఇదే! తర్వాత స్పిరిట్ లెవెల్ (మేస్త్రీలు మట్టం చూసే పరికరం) పెట్టి చూస్తే రేడియేటర్ వాల్వు వైపు కొంచెం వాలి ఉండాలి. అలా వాలి లేకపోతే, అది చల్లారాక అవతలి కాళ్ళ కింద చిన్న చెక్కముక్కలు పెడితే చాలు.

బుస్సుమనే శబ్దం వేరు, అది గాలి పోయే వెంట్‌ది. కాసేపటికి ఆగితే మామూలే. ఆగకుండా ఆవిరి, నీళ్ళు కక్కుతుంటే వెంట్ మార్చాలి.

అయినా మోత తగ్గకపోతే బాయిలర్ ప్రెషర్ ఎక్కువుండొచ్చు. ఇళ్ళకు మామూలుగా 2 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) లోపే సరిపోతుంది. అది ఓనరు చూసుకోవాల్సిన పని, మీ బాబు బాయిలర్ జోలికి వెళ్ళకూడదు.