లాగితే ఏం రావాలి?

తమ్ముడూ,

నువ్వు పంపిన కారు మెయిలర్ (ఇళ్లకు పోస్టులో పంపే ప్రకటన కార్డు) డమ్మీ, అదే నమూనా, చూశాను. తెరవగానే కారు బొమ్మ పైకి లేస్తోంది, ముచ్చటగానే ఉంది. మా మనవడు తెగ తెరిచి మూశాడు. కానీ కారు కొనేది వాడు కాదు కదా! నువ్వు చెప్పదలచుకున్నది డిక్కీ పెద్దదని. బొమ్మ పైకి లేవడానికీ డిక్కీకీ ఏం సంబంధం? ఏ కారునైనా అలా లేపొచ్చు.

బ్రెజిల్‌లో ప్యూజో కార్ల కంపెనీ వాళ్లు ఒక పత్రికలో ప్రకటన వేశారు. కారు బొమ్మ మీద గుర్తు పెట్టిన చోట గుద్దమన్నారు. గుద్ది పేజీ తిప్పితే లోపల బుల్లి ఎయిర్‌బ్యాగ్ ఉబ్బి కనిపిస్తుంది. చెయ్యి చేసిన పని, కారు చేసే పని ఒకటే. ఇక రాయడానికి పెద్దగా ఏం మిగల్లేదు. అలాంటిది చూస్తే నాకు కుళ్లు పుడుతుంది.

2010 సెప్టెంబరులో మన దగ్గర ఫోక్స్‌వ్యాగన్ వెంటో కారు ప్రకటన కూడా చూడు. దినపత్రిక పేజీకి చిన్న స్పీకర్ అంటించారు. పేజీ విప్పితే వెలుతురు తగిలి అది మాట్లాడేది. అందరూ దాని గురించే చెప్పుకున్నారు, కాదనను. అయితే చదివేవాడు చేసిందేమీ లేదు, పేపరు విప్పాడంతే. నా లెక్కలో అది పేపర్లో దూరిన రేడియో.

2012లో టొరంటోలో ఒక పోర్షే డీలరు తరఫున చేసిన పని నాకు అంతకన్నా నచ్చింది. తెల్లటి పోర్షేని బాగా డబ్బున్న పేటలో ఒక్కో ఇంటి ముందు నిలిపి, ఫోటో తీసి, అక్కడికక్కడే ప్రింట్ చేసి ఆ ఇంట్లోనే ఇచ్చారు. లాగేది లేదు, తిప్పేది లేదు. తన ఇంటి ముందు ఆ కారు కనిపిస్తే మిగతా ఆట మనిషి మనసులోనే నడుస్తుంది.

నీ డిక్కీ సంగతికొద్దాం. కార్డు మీద కారు వెనక భాగం వేయి. డిక్కీ మూత ఒక ఫ్లాప్. ఎత్తితే కాగితం కొస కనిపించాలి, లాగితే జిగ్‌జాగ్‌గా మడిచిన పట్టీ వస్తూనే ఉండాలి. దాని మీద పెళ్లికి వెళ్లే కుటుంబం సామాను: రెండు సూట్‌కేసులు, చీరల సంచి, స్వీటు డబ్బాలు, ఆవకాయ జాడీ, ఆఖర్న పిల్లాడి మూడు చక్రాల సైకిలు. ఇక అయిపోయిందిలే అనుకున్నాక ఇంకో మడత రావాలి, నవ్వు అక్కడ పుడుతుంది. అయితే ముందు షోరూముకెళ్లి ఆ సామానంతా నిజంగా డిక్కీలో సర్ది చూడు. జాడీ పట్టకపోతే పట్టీ మీంచి జాడీ తీసెయ్. పట్టని వస్తువు ఒక్కటి రాసినా కొన్నవాడు నిన్ను జన్మంతా తిట్టుకుంటాడు.

పట్టీ మీద కవిత్వం వద్దు, వస్తువుల పేర్లు చాలు. ఫ్లాప్ మీద ‘డిక్కీ తెరవండి’ అని రాస్తే సరిపోతుంది. బొటనవేలు పట్టేలా అంచున అర్ధచంద్రంలా కట్ ఇప్పించు. లేకపోతే ఎక్కడ పట్టుకోవాలో తెలియక జనం చించేస్తారు.

ప్రెస్సులో కాసేపు కూర్చో. కాగితానికి గ్రెయిన్ (లోపలి నారలు సాగే దిక్కు) ఉంటుంది, దానికి అడ్డంగా మడిస్తే మందపాటి కార్డు మడత దగ్గర పగిలి తెల్లగీత పడుతుంది. మడిచే ముందు క్రీజింగ్, అంటే మడత పడే చోట గాడిలా నొక్కడం, తప్పనిసరి. ఇలాంటి పట్టీలు చాలా చోట్ల చేత్తోనే అంటించాలి, కాబట్టి క్లయింటుకి ధర చెప్పేముందు బైండింగ్ వాళ్లని అడుగు. డమ్మీని మామూలు పోస్టులో నీకు నువ్వే పంపుకో. కట్టల కింద నలిగి వచ్చాక కూడా పట్టీ లాగగానే వస్తే అప్పుడు ప్రింటుకివ్వు.

డమ్మీని ఇంట్లోవాళ్ల చేతికిచ్చినప్పుడు నువ్వు నోరు మెదపకు. ‘అక్కడ లాగమ్మా’ అని చెప్పాల్సి వచ్చిందంటే డిజైన్ మార్చాల్సిందే.

ఇంకొకటి, ‘ప్రియమైన కస్టమర్’ తీసెయ్. పేరు రాసి ‘గారు’ చేర్చు, స్పెల్లింగ్ సరిచూసుకో. క్యూఆర్ కోడ్‌ని పట్టీ ఆఖరి మడత మీద పెట్టు. అది కంపెనీ హోమ్‌పేజీకి కాదు, దగ్గర్లోని షోరూములో టెస్ట్ డ్రైవ్ టైము ఎంచుకునే చోటికి తీసుకెళ్లాలి. వచ్చినవాళ్లకు డిక్కీ ఖాళీగా ఉన్న కారే చూపించమని షోరూము వాళ్లకి ముందే చెప్పించు.

ఆశీస్సులతో,
అన్నయ్య