ఇంగ్లీష్ పాటకి గొంతు ఎంచుకోవాలంటే పదాల చివర్లు వినండి

"ఇంగ్లీష్‌లో సొంతంగా పాటలు రాసుకుంటున్నాను, పాడేవాళ్లు లేరు. నోట్లూ మాటలూ ఇస్తే కంప్యూటర్‌లో పాడే సింథటిక్ గొంతుల్లో ఏది తీసుకోవాలి? హట్సునే మికూ సరిపోతుందా?" అని అడిగారు. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీష్ మాట్లాడే గాయకులతో, ఇంగ్లీష్‌లోనే రికార్డు చేయించిన గొంతు తీసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

వోకలాయిడ్ అనే పాడే సాఫ్ట్‌వేర్ కోసం 2007లో వచ్చిన మికూ జపనీస్ గొంతు. ఆమె ఇంగ్లీష్ వెర్షన్ 2013లో వచ్చింది, కానీ పాడింది అదే జపనీస్ గాయని. వోకలాయిడ్ అంటే జపనీస్ వ్యవహారమే అనుకుంటారు చాలామంది. నిజానికి 2004లో వచ్చిన మొదటి రెండు గొంతులు, లియోన్, లోలా, ఇంగ్లీష్‌వే.

నేను ఒక జపనీస్ గొంతు వింటూనే మనసు పారేసుకున్నాను. నాది నెమ్మదైన పాట. పల్లవి చివర 'వరల్డ్' అనే మాట నాలుగు బీట్ల పాటు సాగాలి. ప్లే నొక్కితే "వా...రు...దో" అని వచ్చింది. జపనీస్‌లో మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, ర, ల వేరువేరు శబ్దాలు కావు. రికార్డింగ్ రోజున 'ల్డ్' అనే శబ్దమే ఆ గొంతులో పడలేదు. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? చివరి నోట్ కుదించాను, ఆ 'ఓ' దగ్గర వాల్యూమ్ లాగేశాను. 'ఓ'తో పాటు 'డ్' కూడా పోయింది. మూడు రాత్రులు అదే పని. చివరికి ఒక ఫ్రెండ్‌కి వినిపిస్తే, "ట్యూన్ చాలా బాగుందిరా, ఆ చివర్లో వచ్చేది ఎవరి పేరు?" అన్నాడు. ఆ మాటకి నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత అదే నోట్ మీద, అదే మాటకి ఒక ఇంగ్లీష్ గొంతు పెట్టి చూశాను. మధ్యలోని 'అర్'ని నాలుగు బీట్లూ సాగదీసి, 'ల్డ్'ని సరిగ్గా అంచున ముగించింది. నేను ఏమీ ముట్టుకోలేదు.

అంతమాత్రాన పని అయిపోదు. రెండో చరణంలో కన్నీళ్లు అనే అర్థంలో 'టియర్స్' రాస్తే, చింపడం అనే అర్థంలో 'టేర్స్' అని పాడింది. రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే కదా. నోట్ కింద మాటని విడివిడి శబ్దాలుగా చూపే ఫోనీమ్‌ల వరుస తెరిచి 'ఎ' తీసి 'ఇ' పెడితే సరిపోయింది. ఇలా ఫోనీమ్‌లు చేత్తో మార్చుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి.

ఇంకో మాట, ఇది నన్ను ఎప్పట్నుంచో తొలిచేస్తోంది. డెమో పాటలు విని నిర్ణయించకండి. వాటిలో రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) కుమ్మరించి, వెనక డ్రమ్స్ మోగిస్తారు, హల్లులు ఎలా ఉన్నాయో వినపడనే వినపడవు. గొంతుకి తగిలించిన కార్టూన్ బొమ్మ బాగుందని కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. పేరున్న గాయకుల గొంతుని అడక్కుండా ఏఐతో కాపీ చేసి వాడేవాళ్ల మీదైతే కోపమే. వాయిస్ బ్యాంక్, అంటే ఇలా రికార్డు చేసి అమ్మే గొంతు, వెనక ఒక మనిషి ఒప్పుకుని, గంటలకొద్దీ పాడి ఇచ్చిన కష్టం ఉంటుంది. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టడం అన్యాయం.

సింథసైజర్ వీ అనే మరో పాడే సాఫ్ట్‌వేర్‌లో జపనీస్ ఏఐ గొంతులతోనూ ఇంగ్లీష్ పాడించవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, పాడతాయి, పాత పద్ధతి కంటే చాలా మెరుగు. వేగంగా సాగే పాటలో తేడా తెలియదు. నెమ్మదైన పాటలో దీర్ఘం తీసినప్పుడు మాత్రం యాస బయటపడుతుంది, నా చెవికి ప్రతిసారీ దొరుకుతుంది.

ఆడ గొంతు కావాలంటే సొలారియా, మగ గొంతు కావాలంటే కెవిన్‌తో మొదలుపెట్టండి. రెండూ సింథసైజర్ వీలో ఉండే ఇంగ్లీష్ గొంతులే. మీ పాటలోనే అన్నిటికంటే నెమ్మదైన లైను తీసుకుని, మ్యూజిక్, ఎఫెక్టులు అన్నీ ఆపేసి, హెడ్‌ఫోన్స్‌లో పదాల చివర్లు మాత్రమే వినండి. పై స్థాయిలో ఒకసారి, కింది స్థాయిలో ఒకసారి. ఆ లైను ఇక్కడ రాస్తే, ఏ మాట దగ్గర ఇబ్బంది వస్తుందో నేనూ చూసి చెబుతాను.